పక్క పార్కింగు

“విల్మర్, ఇలా రా! ఆ ముసలోడు మళ్లీ మన కారు దగ్గర వంగున్నాడు!”

కిటికీ దగ్గర్నుంచి యెసేనియా కేకేసింది. పెనం మీద రొట్టెను దాని ఖర్మకు వదిలేసి విల్మర్ పరిగెత్తుకొచ్చాడు.

అక్కడ కార్లన్నీ ముక్కు కంచెకు ఆనించి నిలబెడతారు. సాయంత్రపు మసకలో తమ కారు అవతల ముసలోడి ఎర్ర టోపీ ఒక్కటే కనిపిస్తోంది.

“దొంగ సచ్చినోడు. ఇవాళ అద్దాలు, రేపు చక్రాలు.”

“పోయి అడుగు మరి.”

“ఏ భాషలో అడగను? నాకొచ్చిన ఇంగ్లిషులో గుడ్ మార్నింగ్ అయ్యాక సారీయే ఉంది.”

యెసేనియా నవ్వలేదు. కారు మాటొస్తే ఆమెకు నవ్వు రాదు.

హోండురాస్ నుంచి కెనడాలోని మానిటోబాకు వచ్చాక ఇద్దరూ సొంతంగా కొనుక్కున్న మొదటి వస్తువు ఆ పాత కారే. కొన్న రోజు ఎక్కడికీ పోలేదు. అందులోనే కూర్చుని, బీన్స్ చుట్టిన రొట్టెలు తిని, హారన్ కొట్టుకుని మురిసిపోయారు.

ఆమె పనిచేసే రొట్టెల ఫ్యాక్టరీ నది అవతల ఉంది. తెల్లవారుజామున బస్సులుండవు. “ఒక్కరోజు ఆలస్యమైతే మర్నాడు రానక్కర్లేదు” అని ఫోర్‌మన్ మొదటిరోజే చెప్పేశాడు. ఆ ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే హక్కూ పోతుంది.

కాబట్టి కారు కదలాలి. కదులుతోంది కూడా. ఎంత చలైనా తాళం తిప్పగానే గుర్రంలా లేస్తోంది.

“ఏరింది ఎవరనుకున్నావ్!” అని విల్మర్ రోజూ ఛాతీ విరుచుకునేవాడు.

కారు ముక్కు కింద ఓ తీగ ముక్క మాత్రం వేలాడుతుండేది. పాత బండి, ఎక్కడో ఊడిందనుకుని విల్మర్ దాన్ని లోపలికి దోపేవాడు. తెల్లారేసరికి అది మళ్లీ బయట ఉండేది.

ఓసారి ముసలోడు ఎదురుపడి, కారు ముక్కు మీద దబదబా బాది, కంచె వైపు వేలు చూపిస్తూ ఏదో అరిచాడు.

“ఏమంటాడు?” అంది యెసేనియా.

“కారు ఇక్కడ పెట్టొద్దంట. కంచె దాటి పొమ్మంటున్నాడు.”

“పోం,” అంది ఆమె. “అక్కడ మన దేశంలో పొమ్మంటే ఇక్కడికొచ్చాం. ఇంకెక్కడికీ పోం.”

ఆ సాయంత్రం కిటికీలోంచి ఎర్ర టోపీ మళ్లీ కనిపించాక ఇద్దరూ ఫిదేల్ దగ్గరికి పోయారు. ఆ బిల్డింగు చూసుకునేది అతనే. సాల్వడోర్ మనిషి, తమ భాషవాడు.

“ఎవరు, ఐనార్ తాతా? ఉలకడు, పలకడు గానీ దొంగ కాదమ్మా.”

“దొంగ కాకపోతే మా కారుతో ఏం పని అన్నా?”

“సరేలే చెల్లెమ్మా, అటు పోవద్దని చెప్తా.”

చెప్పాడు. మర్నాడు తమ కారు అద్దానికి చుట్టలు చుట్టిన నారింజరంగు కరెంటు తీగ ఒకటి వేలాడుతోంది.

“ఉరితాడులా తగిలించాడు చూడు! బెదిరిస్తే బెదురుతామనుకున్నాడు.” యెసేనియా దాన్ని లాగి చెత్తడబ్బాలో పడేసింది.

ఆ వారం చలి కాస్త తగ్గింది. మంచూ పడలేదు. ముసలోడు ఓ పెట్టె పట్టుకుని టాక్సీ ఎక్కి వెళ్లిపోయాడు.

“పీడ పోయింది,” అన్నాడు విల్మర్.

సోమవారం చలి విరుచుకుపడింది. తెల్లవారుజామున తాళం తిప్పితే కారు టిక్కుమంది. అంతే. మళ్లీ తిప్పితే ఆ టిక్కూ లేదు.

యెసేనియా దిగి, అతని కోటు విప్పించి తన కోటు మీద తొడుక్కుంది.

“నడుస్తా.”

“పిచ్చా? కనురెప్పలు గడ్డకడతాయే!”

“కట్టనీ. గంట కొట్టేలోపు గేట్లో ఉంటా. నువ్వు కారు సంగతి చూడు.”

వెనక్కి చూడకుండా పోయింది.

తెల్లగా తెల్లారాక ఫోన్ చేసింది. “లోపలున్నా” అని ఒక్క మాట. విల్మర్ కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఫిదేల్‌ను లాక్కొచ్చాడు.

“మీ ఆవిడ ఈ చలిలో నడిచిందా? పిచ్చిదా ఏంటి?”

“కాదు. హోండురాస్‌ది. ముందు కారు చూడన్నా.”

ఫిదేల్ కారు ముక్కు కింద చెయ్యిపెట్టి ఆ తీగ ముక్కను బయటికి లాగాడు.

“రాత్రి ఇది ప్లగ్గులో పెట్టలేదా?”

“ఏం ప్లగ్గు?”

“ఓరి నాయనో! ఈ చలికి రాత్రంతా కరెంటు పెట్టి ఇంజను వెచ్చగా ఉంచాలి తమ్ముడూ. లేకపోతే బండి రాయే. ఇల్లిచ్చిన రోజే అడిగానుగా, కరెంటున్న పార్కింగు కావాలా అని? ‘పెట్రోలు బండికి కరెంటెందుకన్నా’ అని పళ్లికిలించావు. వేరే ఏర్పాటేదో చూసుకున్నావనుకున్నా.”

“మరి ఇన్నాళ్లూ ఎలా స్టార్టయింది?”

“అదే నేనూ అడుగుతున్నా.”

విల్మర్ పక్క పార్కింగు వైపు చూశాడు. ఖాళీగా ఉంది. దాని ముందు కంచెకు చిన్న కరెంటు డబ్బా ఉంది.

“అది ముసలాయనదేగా. ఆయన కారేది?”

“కారెక్కడిది! కళ్లు మసకబారాయని మీరు రాకముందే అమ్మేశాడు. ఆ చోటు మాత్రం వదలనన్నాడు. చలికాలమంతా ఖాళీ నేలకి అద్దె కట్టాడు, వెర్రి మనిషి.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ఏమో. ఇల్లు ఖాళీ చేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి పోయాడు.”

విల్మర్ చెత్తడబ్బా దగ్గరికి పరిగెత్తాడు. అది ఎప్పుడో ఖాళీ అయిపోయింది.

తిరిగొచ్చి చూస్తే, ముసలాయన కరెంటు డబ్బా దగ్గర్నుంచి తమ కారు ముక్కు దాకా, రోజూ సాయంత్రం ఓ తీగ పడుకుని తెల్లవారకముందే లేచిపోయిన సన్నటి గాడి, మంచులో గట్టిపడి ఉంది.