ఇల్లొద్దు బాబూ, నీల్లియ్యి

సుమ్మాదేవి దగ్గర రైల్వే గేటు పడి నాయకుడి కాన్వాయ్ ఆగిందని ఫోన్ వచ్చింది. గూడ్సు బండికి పార్టీలు లేవు. దాని పుణ్యమా అని ఊరికి ఓ పావుగంట కలిసొచ్చింది.

"లెగు పిన్నీ, వచ్చీసినాడు," అన్నాడు ఊరిపెద్ద తిరుమలరావు.

బొడ్డమ్మ చిరుగుల చీర కొంగు బిగించి పాక వైపు నడిచింది. తుఫానుకి ఒక గోడ కూలి, సగం కప్పు ఎగిరిపోయిన పాక అది. గుమ్మంలో పడుకున్న కుక్క ఆమెను చూసి మొరిగింది. తిరుమలరావు దాన్ని అదిలించాడు.

ఉద్దానంలో అందరికీ నీళ్ళిచ్చేశామని పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన వచ్చి చాలా కాలమైంది. పైపు మాత్రం పక్క ఊరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా రెండు కిలోమీటర్లు వెయ్యాలి. ఈ ఊరు ఇచ్చిన అర్జీలన్నీ పోగేస్తే ఓ పూట పొయ్యి కిందకి సరిపోతాయి. పరీక్ష చేస్తామని పట్నం నుంచి వచ్చినవాళ్ళు బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. సీసాలు వెళ్ళాయి, జవాబు రాలేదు.

ఆ నీళ్ళే తాగి బొడ్డమ్మ భర్త జోగారావు నిరుడు కిడ్నీలు పాడై చనిపోయాడు. కొడుకు ఉమామహేష్ వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఇప్పుడు ఆమె భయమంతా ఆరేళ్ళ మనవరాలు శ్రావణి గురించే. అదీ ఆ బోరు నీళ్ళే తాగుతోంది.

నాయకులు అర్జీలకి ఆగరు, కెమెరాకి నచ్చేది కనబడితే ఆగుతారు. ఈ పాక ముందు ఆగని పార్టీ లేదు. మూడేళ్ళ కిందట ఒకాయన ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. వీధి దీపాలు వచ్చాయి. నిరుడు అవతలి పార్టీ ఆయన ఆగి ఇంకాసేపు తుడుచుకున్నాడు. సిమెంటు రోడ్డు వచ్చింది. రోడ్డు పాక పక్కనుంచే వెళ్ళింది. పాక మాత్రం అలాగే ఉంది.

కార్లు వచ్చాయి. నాయకుడు దిగాడు. ఆయన కంటే ముందు కెమెరాలు దిగాయి.

బొడ్డమ్మ ఎదురు రాబోయి గుమ్మం పైకర్రకి తల కొట్టుకుంది. పెద్దావిడకి చూపు ఆనడం లేదని నాయకుడు జాలిపడ్డాడు. మంచినీళ్ళివ్వడానికి గ్లాసు కోసం ఆమె పాకంతా తడుముకుంది. చివరికి తిరుమలరావే చూరులోంచి తీసి అందించాడు.

"మా ఇంటాయన ఈ నీల్లే తాగినాడు బాబూ. నిరుడు పోనాడు. నా కొడుకు వారానికి రెండుమాట్లు పలాస ఎల్తన్నాడు. ఓ గుటకెయ్యి, నీకూ తెలుత్తాది."

నాయకుడు గ్లాసుని మీసాలకి తాకించి పీఏకి ఇచ్చాడు. పీఏ దాన్ని కొబ్బరి చెట్టు మొదట్లో పారబోసి చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఆ మాట ఇంకోసారి చెప్పండి. ఈసారి కొంచెం ఏడుస్తూ," అంది ఛానెల్ అమ్మాయి.

బొడ్డమ్మ మళ్ళీ చెప్పింది. ఏడుపు మాత్రం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. మొగుడి మాటెత్తితే దానంతటదే వస్తుంది.

"ఇన్నేళ్ళయినా ఈ తల్లికి గూడు లేదు!" నాయకుడు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదీ వాళ్ళ నిర్వాకం! అమ్మకి ఈ క్షణమే పక్కా ఇల్లు మంజూరు చేస్తున్నాను!"

చప్పట్లు మోగాయి.

"ఇల్లొద్దు బాబూ," అంది బొడ్డమ్మ. "నీల్లియ్యి."

చప్పట్లు సగంలో ఆగాయి. ఇచ్చింది వద్దనే మనిషిని నాయకుడు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పీఏ వైపు చూశాడు. పీఏ ఆకాశం వైపు చూశాడు.

"ఇల్లు వద్దా అమ్మా?"

"ఇల్లు నానేటి సేసుకుంతాను? నా మనవరాలు గుంట తాగడానికి నీల్లు కావాల. పైపు పక్కూర్లో ఆగిపోనాది. ఆ రెండు కిలోమీటర్లూ ఏయించీ. సాలు."

లైవ్ నడుస్తోంది. 'ఇల్లు వద్దన్న తల్లి' అని అప్పటికే టీవీల కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. ఇక తప్పించుకునే దారి లేదు. నాయకుడు ఇంజనీరుకి ఫోన్ చేసి గట్టిగా అరిచాడు. తిరుమలరావు జేబులోంచి అర్జీ తీసి ముందు పెట్టాడు. పెన్ను మూత కూడా తీసే ఉంది. నాయకుడు కెమెరా వైపు చూస్తూ సంతకం పెట్టాడు.

సాయంత్రం స్టూడియోల్లో చర్చలు సాగాయి. ఉద్దానం ఏ జిల్లాలో ఉందో తెలియని ఒకాయన పేదల ఆత్మగౌరవం గురించి గంటసేపు మాట్లాడాడు. ఇంకొకాయన కంటతడి పెట్టి, వెంటనే కాఫీ తాగాడు.

ఉప ఎన్నిక దగ్గర్లో ఉంది కాబట్టి పద్నాలుగో రోజుకే పైపుల లారీ వచ్చింది. నెల తిరిగేసరికి వీధిలో కుళాయి తిరిగింది. ఉమామహేష్‌కి ఆ నీళ్ళు ఆలస్యమైపోయాయి. శ్రావణికి మాత్రం సమయానికే వచ్చాయి. దోసిలి పట్టి అది తాగుతుంటే బొడ్డమ్మ ఈసారి కెమెరా లేకుండానే ఏడ్చింది.

తర్వాత కళ్ళు తుడుచుకుని, ఉతికి మడతపెట్టిన ఆ చిరుగుల చీరని, వచ్చే నెల బడి గదుల కోసం ఆ పాకలో కూర్చునే వంతు వచ్చిన నాగమణికి అప్పగించి, మొదటి బిందె చంకనెత్తుకుని తన మేడ మెట్లెక్కింది.