సొరంగం దగ్గర ఆగిన ఆట

కొడుకు గదిలోంచి పొద్దుటి నుంచీ వినిపిస్తున్న కార్ల పందెం మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇందిరాదేవి టీ కప్పులతో వెళ్లి తలుపు తోసింది. కంప్యూటర్ ముందు కూర్చున్నది శ్రీకర్ కాదు, అతని స్నేహితుడు సాయికుమార్. గదిలో ఇంకెవరూ లేరు. వెనక మెట్ల వైపు తలుపు దగ్గరగా వేసి ఉంది.

"శ్రీకర్ ఏడి బాబూ?"

"బయటికి పోయిండాంటీ. వేరే డిస్కు తెస్తడట. జరసేపట్ల ఒస్తడు," అన్నాడు సాయికుమార్ తెర మీంచి చూపు తిప్పకుండా.

తెలంగాణ కోసం సమ్మె మొదలైన దగ్గర్నుంచి దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సు కదలడం లేదు. ఇవాళ బంద్ కూడా. కొత్తపేట సందుల్లో కిరాణా కొట్లు సైతం షట్టర్లు దించేశాయి. ఇలాంటి రోజున డిస్కులెవరు అమ్ముతారు? ఆమె శ్రీకర్‌కి ఫోన్ చేసింది. స్విచాఫ్. భర్త పట్టాభి ఆఫీసు పని మీద విజయవాడ వెళ్లి, తిరిగొచ్చే దారిలేక అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో తనూ, ఈ కుర్రాడూ.

సాయికుమార్ మళ్లీ ఆట మొదలుపెట్టాడు. టీవీకి తగిలించుకుని ఆడే పాత గేమ్ బాక్సులోని ఆట అది. దాన్ని కంప్యూటర్ మీద ఆడించడానికి ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం పెట్టుకున్నారు. కారు బాగానే ఉరికింది. సొరంగంలోకి దూరగానే తెర నిండా పచ్చటి చారలు లేచాయి, బొమ్మ ముక్కలైంది, అంతా నల్లబడి ప్రోగ్రాం మూసుకుపోయింది. ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైంది.

ఏమైందని అడిగితే, సొరంగంలో నీడలు గీయాల్సి వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు చేతులెత్తేస్తోందన్నాడు. ఆ కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం మార్చి చూశాడు. బొమ్మ సైజు తగ్గించి చూశాడు. నీడలన్నీ తీసేసి చూశాడు. ప్రతిసారీ అక్కడే పచ్చ చారలు, అక్కడే చీకటి. ప్రోగ్రాం కూలిన ప్రతిసారీ అతను లేచి కిటికీ పరదా కాస్త పక్కకి జరిపి సందులోకి చూస్తున్నాడు.

"పోనీలే, కట్టేసెయ్ బాబూ. ఇంటికెళ్లు. మీ అమ్మ కంగారుపడుతుంది," అంది ఇందిరాదేవి.

"లేదాంటీ. ఇది నడవాలె. సప్పుడు సందు దాక వినవడాలె."

ఆట గురించి ఎవరూ అలా మాట్లాడరు.

వంటింట్లోకి వెళ్లినట్టే వెళ్లి తలుపు పక్కన నిలబడింది. సాయికుమార్ ఫోన్‌లో ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "ఆగిపోయిందిరా. మళ్ల నడిపిస్త... నువ్వైతే ఇటు రాకు. గీ కొత్త నంబర్ ఎవ్వరికియ్యకు."

నిన్న ఎల్బీనగర్ చౌరస్తాలో ప్రైవేటు బస్సు తగలబెట్టారని, పోలీసులు కుర్రాళ్ల కోసం సందు సందూ గాలిస్తున్నారని టీవీలో చెబుతూనే ఉన్నారు. సాయికుమార్ తండ్రి జానయ్య నల్గొండ నుంచి వచ్చి మూసారాంబాగ్‌లో ఆటో నడుపుతాడు. ఈ కుర్రాడు గులాబీ కండువా వేసుకుని ఊరేగింపుల్లో తిరగడం ఆమె తన కళ్లతో చూసింది. వాడితో తిరగొద్దని శ్రీకర్‌కి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇప్పుడు వాడు ఆట వంకతో తన ఇంట్లోనే దాక్కున్నాడు.

ఆమె గదిలోకి వెళ్లి ఎదురుగా నిలబడింది. "నిజం చెప్పు. పోలీసులు నీ కోసమే వెతుకుతున్నారు కదూ?"

సాయికుమార్ తలెత్తాడు. కళ్ల కింద నల్లగా ఉంది. "నా కోసం కాదాంటీ," అన్నాడు.

ఆమె నమ్మలేదు.

అతను మళ్లీ కీబోర్డు మీద వంగాడు. ఈసారి గ్రాఫిక్స్ కార్డును వదిలేసి, బొమ్మలు గీసే పనంతా కంప్యూటర్ ప్రాసెసర్‌కే అప్పగించాడు. ఆట ఎడ్లబండిలా కదిలింది. కారు సొరంగంలోకి వెళ్లింది. చారలు రాలేదు. నెమ్మదిగా అవతలి వెలుగులోకి వచ్చింది. అతను సౌండ్ పూర్తిగా పెంచి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఇల్లంతా మోత నిండిపోయింది.

ఆ మోతలో జీపు ఆగిన చప్పుడు వాళ్లకు వినపడలేదు. మెట్ల మీద బూట్లు మాత్రం వినిపించాయి.

ఇందిరాదేవి సాయికుమార్ ముఖంలోకి చూసింది. ఇంటర్ నుంచీ తన చేతి పప్పన్నం తిన్న పిల్లవాడు. ఈ క్షణం దాకా వీడెప్పుడు వెళ్తాడా అని చూసిన ఆమెకు, వీణ్ణి లాఠీలు విరిగేలా కొడతారన్న ఒక్క ఊహే మిగిలింది. వెళ్లి తలుపు తీసింది.

ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు లోపలికొచ్చారు. ఎస్సై నేరుగా గది గుమ్మం దగ్గరికి నడిచాడు.

"గీ పిల్లగాడెవరు?"

"మా అబ్బాయండీ," అంది ఇందిరాదేవి. "పొద్దుటి నుంచీ గడప దాటలేదు. ఇదిగో, ఈ ఆటే లోకం."

"పేరు?"

సాయికుమార్ గబుక్కున లేచాడు. వద్దన్నట్టు ఆమెకేసి తల అడ్డంగా ఊపాడు. పిల్లవాడు బెదిరిపోయాడనుకుని ఆమె అతని భుజం పట్టుకుని గట్టిగా నొక్కింది.

"శ్రీకర్ అండీ."

ఎస్సై తల పంకించాడు. కానిస్టేబుళ్లు చెరో పక్కా వచ్చి సాయికుమార్ రెక్కలు పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. తన పేరూ చెప్పలేదు.

ఆమె ఎస్సైకి అడ్డం నిలబడింది. తాము కృష్ణా జిల్లా వాళ్లమనీ, ఈ ఉద్యమాలతో తమకు సంబంధమే లేదనీ, తన కొడుకు అలాంటివాడు కాదనీ చెప్పుకుపోయింది.

ఎస్సై టోపీ సర్దుకున్నాడు. "బస్సు కాలవెట్టినోళ్లు దొరికిన్రమ్మా. పెట్రోలు తెచ్చిందెవడని అడిగితే అందరు ఒక్క పేరే చెప్పిన్రు, శ్రీకర్ అని."