డ్రై డే సన్మానం

“ఇయ్యాల వైన్సులు బంద్ ఉంటయని ఒక్కనికి గూడ యాదికి రాలేదారా?” మహేందర్ నెత్తి పట్టుకున్నాడు.

కోట్‌పల్లి ప్రాజెక్టు ఒడ్డున మూడు రాళ్ల పొయ్యి మీద మటన్ కుతకుతా ఉడుకుతోంది. ప్రమోషన్ వచ్చిన సంబరంలో మహేందర్ ఆఫీసు మొత్తాన్నీ దావత్‌కు పిలిచాడు. పన్నెండు మంది వికారాబాద్ నుంచి వచ్చి దిగారు. అందరి చొక్కాలకూ కాగితపు జెండాలున్నాయి గానీ, ఆగస్టు పదిహేనున మందు దొరకదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

“దావత్ అని తోలుకొచ్చి గిప్పుడు మజ్జిగ పోస్తవా అన్నా?” అన్నాడు సాయికిరణ్. అందరూ గొల్లుమన్నారు. మహేందర్‌కు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు మల్లేశ్వర్ చిటికె వేశాడు. “తాండూర్ల మా గల్లీల ఇమ్మానుయేలు తాత ఉన్నడు. డెబ్బై ఒకటి పాకిస్తాన్ లడాయిల కొట్లాడిండు. మిలిటరీ క్యాంటీన్ల ఆయనకు నెలనెలా రమ్ము కోటా ఉంటది గద!”

“పోయి ఏమని అడుగుతం? తాతా, ఓ రెండు సీసాలియ్యి అనా?” అన్నాడు మహేందర్.

“అడుగుడెందుకు? సన్మానం చేద్దాం. ఇయ్యాల్టి దినం జవానుకు శాలువ కప్పితే ఒట్టి చేతులతోని పంపుతడా?”

మటన్‌ను మిగతావాళ్లకు అప్పగించి మహేందర్, మల్లేశ్వర్, సాయికిరణ్ ముగ్గురూ కారెక్కారు. తాండూరు బస్టాండు దగ్గర ఒక శాలువ, ఒక బంతిపూల దండ కొన్నారు. జై కొట్టడం కారులోనే రెండుసార్లు ప్రాక్టీసు చేశారు.

వీళ్లు వెళ్లేసరికి ఇమ్మానుయేలు నాపరాళ్లు పరిచిన ముంగిట్లో కుర్చీ వేసుకుని గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప నిండా నురగ.

“దేశం నిన్ను మర్వదు తాతా!” అంటూ మహేందర్ ఆ నురగ మీదే దండ వేసేశాడు. సాయికిరణ్ శాలువ కప్పాడు. మల్లేశ్వర్ కొట్టిన జైకి పక్కింటి కోళ్లు గోడ దూకాయి.

“ఆగుండ్రి ఆగుండ్రి! సగం మూతికే సన్మానమా?” ముసలాయన కిలకిలా నవ్వి, తువాలుతో మొహం తుడుచుకుని, నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. వీళ్లూ చేశారు. సాయికిరణ్ ఎడమ చేత్తో చేశాడు.

“అరే, గదేం సెల్యూట్? లైన్ల నిలబడుండ్రి! ఛాతీ బయటికి, పొట్ట లోపటికి!”

ఛాతీలు బయటికొచ్చాయి. సాయికిరణ్ పొట్ట మాత్రం మాట వినలేదు.

చాయ్‌లు వచ్చాయి. తలుపులోంచి కనిపిస్తున్న మంచం కింది రేకు పెట్టెలోనే సీసాలుంటాయనుకుని, అటు ఓరగా చూస్తూ మహేందర్ మెల్లగా కదిపాడు. “తాతా, ఆడ బార్డర్ల మస్తు చలి ఉంటది గద. చలికి మీకేమన్న ఇస్తుండెనా?”

“చలికా? చలికి మాకు నర్సప్ప ఉండె.”

“నర్సప్ప ఎవరు?”

“కొడంగలోడు. ఇద్దరం ఒక్క దినమే భర్తీ అయినం. చలికి చేతులు కట్టెలైతుండె. అప్పుడు వాడు బతుకమ్మ పాట ఎత్తుకుంటుండె, ఆడగొంతుతోని! పంజాబోళ్లు, మద్రాసోళ్లు అందరు గుండ్రంగ తిరుగుకుంట చప్పట్లు కొట్టాలె. మా సుబేదార్ గూడ తిరుగుతుండె. ఎట్లనో చూపిస్త లెవ్వుండ్రి!”

రెండు నిమిషాల్లో ముగ్గురూ కుర్చీ చుట్టూ వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. ఇమ్మానుయేలు శాలువను నెత్తి మీద కొంగులా కప్పుకుని సన్నగొంతు తీశాడు. మల్లేశ్వర్ ఎదురు తిరిగి సాయికిరణ్ పొట్టను ఢీకొట్టాడు. పక్కింటి రామమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, “అట్ల కాదురా నాయనా, కాలు ముందలికెయ్యాలె!” అంటూ తానూ వచ్చి కలిసింది. మహేందర్ నవ్వీ నవ్వీ కడుపు పట్టుకున్నాడు. ఎందుకొచ్చాడో కూడా మరిచిపోయాడు.

“మరి నర్సప్ప తాత గిప్పుడు యాడ ఉన్నడు?” అని అడిగాడు ఆయాసపడుతూ.

“ఆడనే ఉండిపోయిండు కొడుకా. ఇరవై రెండేండ్లు వానికి. పాట సగంలనే ఆగింది.” ఇమ్మానుయేలు దండలోంచి రాలిన రేకులు ఏరి గుప్పిట్లో పట్టుకున్నాడు. “ఎవరన్న వస్తే మిగిలిన సగం నేను పాడుత. ఒక్కనివి చప్పట్లు సరిపోవు గద.”

మహేందర్ జేబులో ఫోను మోగింది. “దొరికిందా అన్నా?” అని అటునుంచి అరుపు. అతను ఫోను పెట్టేశాడు.

“ఇంకొక్కసారి పాడు తాతా,” అన్నాడు.

మళ్లీ తిరిగారు. ఈసారి ఎవరూ తప్పు అడుగు వేయలేదు.

బయల్దేరేటప్పుడు మల్లేశ్వర్ పెట్టె వైపు సైగ చేస్తే మహేందర్ కళ్లెర్రజేశాడు. “నోరు మూస్కో. తాతా, మటన్ ఉడుకుతున్నది. నువ్వు గూడ రా. తిన్నంక నేనే తెచ్చి దింపుత.”

ముసలాయన మెడలో దండ తీయకుండానే ముందు సీట్లో కూర్చున్నాడు. కారు కదలగానే వెనక్కి తిరిగాడు.

“అన్నీ అయినయి గానీ, మీరొచ్చిన పని చెప్పనే లేదు?”

“ఏం పని తాతా? సన్మానానికే గద వచ్చింది,” అన్నాడు మహేందర్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“డ్రై డే నాడా?” ఇమ్మానుయేలు పకపకా నవ్వాడు. “నేను పుట్టి బుద్ధెరిగి మందు ముట్టలే కొడుకా. రమ్ము కోటా ఒక్క నెల గూడ తీసుకోలే.”

ముగ్గురూ నోళ్లు వెళ్లబెట్టారు.

ముసలాయన కిటికీ అద్దం పైకెత్తి, గొంతు తగ్గించాడు. “జర గీ ముచ్చట బయట చెప్పకుండ్రి. ఈసారి గాంధీ జయంతి, దసరా ఒక్కనాడే పడ్డయి, నాకు సన్మానం చేస్తమని ఇప్పటికే మూడు ఊర్లోళ్లు చెప్పిపోయిండ్రు!”