మూడు బోర్ల సుంకప్ప

“చేన్లో మూడు బోర్లుండాయంటివి కదప్పా! ఒక దాంట్లోనన్నా నీళ్ళుండాయా?”

చెన్నమ్మ గడపలోనే నిలదీసింది. సుంకప్ప చెప్పులు విడుస్తూ నవ్వాడు.

“బోర్లుండాయంటి. నీళ్ళుండాయని నేనంటినా?”

పెండ్లి సంబంధాలు కుదిర్చే సుంకప్పకు సోమందేపల్లె చుట్టుపక్కల ‘మూడు బోర్ల సుంకప్ప’ అని పేరు పడిపోయింది. చెన్నమ్మ అక్కకూతురికి సంబంధం తెచ్చినప్పుడు ఆ మూడు బోర్ల మాట చెప్పే ఒప్పించాడు. అబద్ధం మాత్రం ఒక్కటీ ఆడడు మహానుభావుడు! విమానాశ్రయంలో నేల తుడిచే అబ్బాయిని ‘ఎయిర్‌పోర్టులో పని’ అంటాడు. పొద్దస్తమానం మంచం దిగని సోమరిని ‘ఇంటిపట్టునే ఉండే పిల్లోడు’ అంటాడు. అడిగినదానికి నిజమే చెప్తాడు, అడగనిది మింగేస్తాడు.

తిండి మింగడంలోనూ ఘనుడే, ఇంట్లో వండిపెట్టే ఆలి లేని ఒంటికట్టె మరి. సంబంధం కుదిరేదాకా మగపెండ్లివాళ్ళు ఆడపిల్ల ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టరు. మధ్యవర్తికి ఆ పట్టింపు లేదు కాబట్టి వాళ్ళ వంతు కూడా సుంకప్పే లాగించేవాడు.

“వేడివేడిగా సంగటుండాది. సెనక్కాయల ఊరిబిండి నూరినా. కూర్చో.”

“వద్దులే చెన్నమ్మా.”

“ఏం, కడుపులో బాగలేదా?”

“కడుపు బాగానే ఉండాది.”

“మంచినీళ్ళన్నా తాగు.”

“బస్టాండులో తాగినా.”

చెన్నమ్మ వింతగా చూసింది. అతని చొక్కా జేబులోంచి ఒక ఫోటో తొంగిచూస్తోంది.

“ఎవురిదప్పా అది?”

“చిలమత్తూరు బసప్పది. పెండ్లాం పోయి రెండేండ్లాయ. పిల్లను చూడమన్యాడు.”

“నాకు సంబంధం తెచ్చినావా ఏమి?”

“తెచ్చినా.”

మొగుడు పోయినప్పటినుంచి చెన్నమ్మ ఇంట్లో మనిషి గొంతు వినిపించాలని ఊరికే టీవీ పెట్టుకుంటోంది. గొర్రెలతో మాట్లాడుతోంది. ఒంటరితనం మహా చెడ్డది, ఆ సంగతి ఆమెకు తెలుసు. అలాగని ఇలాంటి మాటకారిని నమ్మి బోల్తాపడితే, మళ్ళీ ఏడవడానికి ఓపిక లేదు.

“మనిషి ఎట్లాంటోడు?”

“తాగడు. చెయ్యెత్తడు. ఇల్లు సొంతం.”

“ఇంట్లో ఎవరెవరుండారు?”

“ఎవురూ లేరు. జ్వరమొస్తే గంజి కాచిచ్చే దిక్కు లేదు. సందేళ ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడు ఆ మనిషికి ఏడుపొస్తాది.”

“బోర్లెన్ని?” చెన్నమ్మ దెప్పిపొడిచింది.

“ఒకటే. ఎండిపోయింది. చేను బీడు. వానొస్తే ఇల్లు కురుస్తాది, వానే రాదు గనక సరిపోయింది. సంపాదన అంతంతమాత్రం. గురక పెడతాడని పక్కింటోళ్ళు తిడతారు.”

అడగకుండానే చెడు చెప్పే సుంకప్పను చెన్నమ్మ ఏనాడూ చూడలేదు.

“అన్నీ ఇట్ల చెప్తే ఎవురిస్తారప్పా పిల్లను?”

“ఎవురూ ఇయ్యరు.”

“మరి నాకెందుకు చెప్తాండావు?”

“నీతో తిప్పి మాట్లాడబుద్ధి కాలేదు.” సుంకప్ప గొంతు తగ్గింది. “ఇష్టం లేకుంటే లేదనే చెప్పు. ఆ మనిషి ఏమీ అనుకోడు.” భుజంమీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. “అనుకుంటాడులే. అయినా మళ్ళీ వచ్చి అడగడు.”

దొడ్లో గొర్రె అరిచింది. చెన్నమ్మ అతని చేతుల వైపు చూసింది. తువ్వాలును మెలిపెడుతున్నాయి. నూరు పెండ్లిళ్ళు చేసిన మనిషికి ఈ బెదురేమిటో!

ఆమె లేచి లోపలికి పోయింది. గిన్నెల చప్పుడైంది. సుంకప్పకు ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది.

“బసప్పకు వేరే పిల్లను చూడుపో,” లోపలినుంచే అంది చెన్నమ్మ.

సుంకప్ప ముఖం వాడిపోయింది. “సరేలే చెన్నమ్మా. మడకశిర బస్సుకు టైమాయ. ఈ ఫోటో ఆడ చూపియ్యాల్సిందే,” అంటూ లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

వెనకనుంచి నేలమీద కంచం పెట్టిన శబ్దమైంది. తిరిగి చూశాడు. కంచంలో సంగటి ముద్ద, ఊరిబిండి, పక్కన చెంబుతో నీళ్ళు. చెన్నమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటోంది.

“సంబంధం కుదిరింది సుంకప్పా, ఇంక తిను.”