రంగు వచ్చిందా?

1997లో ఇంటర్ ప్రాక్టికల్సుకు ముందురోజు, హిందూపురంలోని ఒక కాలేజీ ల్యాబులో ఓబులేసు మూడుసార్లు టైట్రేషన్ చేశాడు. ఒకటే రావాల్సిన చోట మూడు వేర్వేరు రీడింగులు వచ్చాయి.

ఫ్లాస్కులోని ద్రావణం లేత గులాబీ రంగుకు తిరగగానే పైనున్న బ్యూరెట్ గొట్టం నుంచి పడే చుక్కలను ఆపేయాలి.

కెమిస్ట్రీ లెక్చరర్ దానియేలు సారు వచ్చి పక్కన నిలబడ్డాడు. "రంగు వచ్చిందా?" అని అడిగాడు. ప్రతి విద్యార్థినీ ఆయన అడిగే ప్రశ్నే అది. పరీక్ష పెట్టడానికే అడుగుతాడని అందరూ భయపడేవారు.

ఓబులేసు ఫ్లాస్కు కింద పెట్టాడు. "నాకు ఆ రంగు కనపడదు సార్. రేపు తప్పితే మా నాయన చదువు మాన్పించి గొర్రెల కాడికి పంపుతాడు."

సారు వెళ్లి తలుపు మూసి వచ్చాడు.

"పక్కన ఉత్త నీళ్ల ఫ్లాస్కు ఒకటి పెట్టుకో. రంగు కోసం చూడొద్దు. నీళ్లకన్నా ఇది రవ్వంత ముదురుగా కనపడితే ఆపు."

ఓబులేసు అలాగే చేశాడు. 19.8 వచ్చింది. మళ్లీ చేశాడు. మళ్లీ 19.8.

"ఇది గులాబీ రంగేనా సార్?"

"నన్నడిగితే ఏం లాభమబ్బా? నాకూ కనపడదు," అన్నాడు సారు. "పదహారేండ్లుగా పిల్లోళ్లను అడిగే తెలుసుకుంటాండా."