జాడీలు కదలకుండా

“జాడీ మీద ఎవరి చెయ్యీ పడటానికి వీల్లేదు,” అంది సుబ్బులు, షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడి.

మేస్త్రీ ఓదెలు తల గోక్కున్నాడు. అతని వెనక ముగ్గురు కూలీలు, ఇనుప పైపులు, రెండు జాకీలు, ఒక మోకు. అశోక్ నగర్‌లోని ఆ ఇంటి పెరట్లో తూర్పు గోడని ఆనుకుని ఉంది ఆ రేకుల షెడ్డు. లోపల ముప్పై రెండు జాడీల ఆవకాయ, నిన్ననే కలిపింది. పక్కింటివాళ్లు అపార్ట్‌మెంటు కోసం ఇల్లు కూలగొడుతున్నారు. రేపు పొద్దున్నే ఆ గోడ పడుతుంది. పడితే షెడ్డు మీదే పడుతుంది. అందుకని సాయంత్రంలోగా షెడ్డు పడమటి మూలకి చేరాలి.

ఖాళీ చేసి జరిపితే గంట పని. కానీ ఆవకాయ కలిపాక, మూడో రోజున తిరగకలిపేదాకా జాడీని కదపకూడదని అత్తగారు పోతూ పోతూ చెప్పిన మాట. ఆ మాట పట్టుకునే సుబ్బులు పన్నెండేళ్లుగా చుట్టుపక్కల హాస్టళ్లలో పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి హాస్టల్ అన్నం గొంతు దిగేలా చేస్తోంది. ఒక్క జాడీ బూజు పట్టినా ఇన్నేళ్ల పేరు గంగలో కలుస్తుంది. భర్త సుధీంద్ర ఆఫీసులో ఆడిట్ ఉందని తెల్లారగానే జారుకున్నాడు. ఇంట్లో బరువు పని ఉన్న రోజున ఆయనకి ఆడిట్ తప్పకుండా ఉంటుంది.

“లోపల జాడీలుండంగ జరపాలంటే మాతోని కాదమ్మా,” అన్నాడు ఓదెలు.

“ఎందుకు కాదు?”

ఆ మాట అన్నది కూలీల వెనకనుంచి ముందుకొచ్చిన పెద్దాయన. తెల్ల చొక్కా, మందపాటి కళ్లజోడు, చేతిలో గుడ్డ సంచీ. సంచీని దండెం కర్రకి తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచి, షెడ్డు చుట్టూ ఓసారి తిరిగాడు. వంగి, జాడీలున్న చెక్క నేల కింది ఇనుప చట్రాన్ని తట్టి చూశాడు.

“జాడీలు ముట్టకుండ్రి. ఈ రేకుల అర్రనే నడిపిద్దాం,” అన్నాడు.

సుబ్బులుకి ప్రాణం లేచొచ్చింది. మేస్త్రీకి లేకపోయినా అతని వెంట వచ్చిన ఇంజనీరుకైనా బుర్ర ఉంది, గట్టెక్కాం అనుకుంది.

ఇక ఆయన చెప్పడం, మిగతావాళ్లు చెయ్యడం. జాడీలని కదపకుండా వాటి మధ్య సందుల్లో పాత చీరలు కుక్కమని సుబ్బులుకి చెప్పాడు. పాతవి చాలక రెండు మంచి చీరలు కూడా కుక్కింది. బోల్టులు ఊడదీశారు. జాకీలతో చట్రాన్ని నాలుగు వేళ్ల ఎత్తు లేపి, కింద పలకలు పరిచి, వాటి మీద పైపులు పెట్టారు. పెరడు పడమటికి వాలుగా ఉందని గమనించి, వెనక మోకు కట్టించి ఇద్దరిని పట్టుకోమన్నాడు. షెడ్డుని జానెడు నెట్టడం, ఆగడం, వెనక బయటపడిన పైపుని తెచ్చి ముందు పెట్టడం. పక్క హాస్టల్ బాల్కనీలో పిల్లలు పుస్తకాలు మూసేసి బారులు తీరారు.

గంట గడిచాక పెద్దాయన సుబ్బులు వైపు తిరిగి, “అందరికి చాయ్ పెట్టు బిడ్డా,” అన్నాడు. నా ఇంట్లో నాకే ఆర్డరా అని ఒక్క క్షణం ఒళ్లు మండింది. అయినా పెట్టింది, అల్లం కూడా దంచి వేసింది. చాయ్ తాగుతూ ఆయన, ఒకప్పుడు కవాడిగూడలో నిండు నీళ్ల ట్యాంకుని ఇలాగే నడిపించానని చెప్పాడు. అందులో నిజమెంతో గానీ, వింటుంటే ధైర్యంగా ఉంది.

ఇంత మెల్లగా అయితే పొద్దుగూకుతుందని ఓదెలు గొణిగాడు. పెద్దాయన కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూసేసరికి మళ్లీ పైపు అందుకున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఆ రోజు వినేవాళ్లంతా బుద్ధిగానే విన్నారు.

బట్టలుతికే బండ దగ్గర ముందు పైపు పక్కకి జారింది. షెడ్డు ఓ మూలకి ఒరిగింది. లోపల ఏదో టక్కుమంది. సుబ్బులు గట్టిగా కళ్లు మూసుకుంది. పెరడంతా ఎర్రటి నూనె పారుతున్నట్టే కనిపించింది.

“ఎవ్వరు నూకద్దు. పట్టుకొని నిలబడుండ్రి.”

పెద్దాయన గొంతు పెరగలేదు. తనే మోకాళ్ల మీద కూలబడి చట్రం కింద ఇటుక దూర్చాడు. జాకీ తిప్పించి, పైపు సరిచేయించాడు. షెడ్డు మెల్లగా నిటారుగా నిలబడింది. ఆయన తెల్ల చొక్కా మట్టి కొట్టుకుపోయింది. మొహంలో మాత్రం పెళ్లికొడుకు కళ వచ్చేసింది.

మధ్యాహ్నం రెండింటికి షెడ్డు పడమటి మూలకి చేరింది. బోల్టులు బిగించారు. సుబ్బులు తలుపు తీసింది. ముప్పై రెండు జాడీలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మూతులకి కట్టిన గుడ్డల మీద నూనె మరకైనా లేదు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అంతలో పెద్దాయన ఫోను మోగింది. “వస్తున్న, దారిలనే ఉన్న,” అంటూ సంచీ అందుకున్నాడు. ఓదెలు భుజం తట్టి, గబగబా గేటు దాటాడు. సుబ్బులు లోపలికి పరుగెత్తి నిరుటి మాగాయ సీసా తెచ్చేసరికి ఆయన సందు మలుపు తిరిగిపోయాడు. ఆ సీసా తీసుకొచ్చి ఓదెలు చేతిలో పెట్టింది.

“ఇది మీ ఇంజనీరు గారికి ఇవ్వు. మళ్లీ ఏ పనున్నా ఆయన్నే తీసుకురా,” అంది.

ఓదెలు సీసా వంకా ఆమె వంకా చూశాడు.

“మా ఇంజనీరు ఏందమ్మా, పొద్దటి సంది మీ మామగారనుకొనే ఆయన చెప్పినట్టల్ల చేసిన.”