నువ్వే రాశావా?

"ఇది నువ్వే రాశావా, ఏఐ రాసిందా?" ఫిల్మ్‌నగర్‌లోని తన ఇంట్లో, హిమజ థీసిస్ పక్కన పెడుతూ అడిగారు ప్రొఫెసర్ శారదాదేవి.

హిమజ బిత్తరపోయింది. "నేనే రాసిన మేడం. కృష్ణానగర్‌ల సినిమా డాన్సర్ల గదులన్నీ తిరిగి, వాళ్లు చెప్పింది విని రాసిన."

"భాష మరీ బాగుంది. అందుకే అడిగాను."

"నాతోటి రీసెర్చ్ చేసే రాఘవేంద్ర, ఏఐతోనే రాయించిన అని మీకే చెప్పిండు. తెలివైనోడు, టైం మిగుల్చుకున్నడని మీరు మెచ్చుకున్నరు. నేను దాన్ని ముట్టనేలేదు. గిట్ల అడుగుతరనే భయపడ్డ."



"అప్పట్లో నా థీసిస్ చదివి, ఆడపిల్లవి, నీకు ఏ సారు రాసిచ్చాడని అడిగారు నన్ను," అన్నారు శారదాదేవి. "ఆ రోజు ఇంటికెళ్లి ఎంత ఏడ్చానో!"

హిమజ కళ్లు తుడుచుకుంది. మేడం తన మాట వెనక్కి తీసుకుంటారని ఎదురుచూసింది.

"నీ చిత్తుప్రతులన్నీ తీసుకురామ్మా. రేపు థీసిస్ కమిటీలో వాళ్లూ అడుగుతారు."

"రాఘవేంద్రను గూడ తెమ్మంటరా మేడం?"

శారదాదేవి తల దించుకున్నారు.

"వాణ్ని ఎవరూ అడగరమ్మా."